రాయికి కట్టిన మొక్క

బుజ్జమ్మా,

నోటితో అడిగితే నువ్వు ఏడుస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకే పక్క గదిలో ఉన్న నీకు ఉత్తరం రాస్తున్నాను.

కాలక్షేపానికని నువ్వు కొన్న చేపల తొట్టిలో ముందు మొక్కలే పెట్టాను. ఒకదాని దుంపను గులకరాళ్ళలో పాతితే కుళ్ళడం మొదలైంది. ఫోన్ చేస్తే మొక్కలమ్మిన కొట్టతను నవ్వాడు.

"దాన్ని పాతకూడదండీ. దారంతో రాయికి కట్టండి. వేళ్ళు రాయిని పట్టుకున్నాక దారం తీసెయ్యండి, లేకపోతే కాడ కోసుకుపోతుంది."

మీ అమ్మ కుట్టుపెట్టెలోని నల్లదారంతో కట్టాను.

మీ అమ్మ చనిపోయిన వారంలోనే నేను స్టవ్ మీద పాలు మరిచిపోయి గిన్నె మాడ్చిన మాట నిజం. నువ్వు భయపడి నా ఇంట్లోంచి నన్నిక్కడికి తెచ్చావు. తప్పు పట్టను. కానీ ఆఫీసుకి వెళ్తూ బయట తాళం వేస్తున్నావు. నిన్న అల్లుడుగారు, "తొట్టిలో చేపలు ఎప్పుడు వేస్తారు మామయ్యగారూ?" అన్నారు.

"ఒకటి వేశారుగా బాబూ, మూత కూడా పెట్టారు," అన్నాను. ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

ఇక్కడుంటే, మీ అమ్మ ఆ ఇంట్లోనే ఉండి నా కోసం చూస్తున్నట్టుంటుంది. లేదన్న సంగతి నేను అక్కడే ఉండి తెలుసుకోవాలి.

ఈ ఉదయం మొక్కను మెల్లగా లాగి చూశాను. రాయి కూడా వెంట లేచింది. దారం కత్తిరించేశాను.

నా ఇంటి తాళంచెవి తొట్టి పక్కన పెట్టు. పాలు కాగేంతసేపూ పొయ్యి దగ్గరే నిలబడతాను.

నాన్న