మూడు బస్తాల బాదం ఆకు

మావయ్యా,

బాగున్నారా? మీరు పోయి ఏడు నెలలైంది. ఇక్కడ వానలు పడ్డాయి. మీ అబ్బాయి పోర్టు డ్యూటీకి, మనవరాలు బడికి వెళ్లారు. నేనిలా కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

క్వార్టరు వాకిట్లో బాదంచెట్టు ఈ ఏడూ మాఘమాసంలో ఎర్రగా రాల్చింది. బాబోయ్, ఎంత ఆకో! పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ అంతే. మీలాగే గోనెసంచుల్లో వేసి కాళ్లతో తొక్కి మరీ కుక్కాను. నాన్న నీకు పూనాడంటూ మీ అబ్బాయి ఒకటే నవ్వు.

ఆ బస్తాల కోసం మీతో ఎంత దెబ్బలాడాను! స్టీలు ప్లాంటుకి మన పొలం పోయి మీరు మా దగ్గరికి వచ్చేశాక, ఇంకా ఈ ఆకు ఏ చేలో ఎరువుగా వేస్తారు, కాల్చేద్దాం అనేదాన్ని. “భూమి పోయిందని నేల తిండి కాల్సేత్తామేటమ్మా?” అనేవారు. నాకు మాత్రం కోపమొచ్చేది.

ఇప్పుడొకటి చెప్పాలి. కోప్పడకండి... కిందటేడు వేసవిలో మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బస్తాల సందులోంచి తేలొచ్చింది, పిల్ల పడుకున్న చాప పక్కకి. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నీ పెరట్లో కుమ్మరించి అగ్గిపుల్ల గీశాను.

మీరు గడపలో కాలు పెడుతూనే బస్తాలేవన్నారు. ఎలమంచిలి నుంచి మా అన్నయ్య వచ్చి తన పొలానికి పట్టుకెళ్లాడని అనేశాను. మీ మొహం ఎంత వెలిగిందో! ఇక రోజూ అదే ఆరా. “మీ అన్న నాట్లకి ముందు దమ్ములో ఏసి తొక్కించినాడేటమ్మా?” తొక్కించాడన్నాను. చేను ఏపుగా ఉందన్నాను. ఎన్ని అబద్ధాలో...

చివరికి, మీరు పోయే ముందు పది రోజులనగా, రేషను బియ్యం వండి అన్నయ్య పంపిన కొత్త బియ్యమని పెట్టాను. “ఆకు సత్తువ సూసినావా! ఇంకొంచెం ఎట్టమ్మా” అని మారు పెట్టించుకున్నారు. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

మొన్న ఆదివారం మూడు బస్తాలూ పాసింజరు రైలెక్కించి నిజంగానే అన్నయ్యకి ఇచ్చొచ్చాం. మీ అబ్బాయి సణుగుతూనే రెండు మోశాడు. ఆ ఆకు దమ్ములో నేనే దిగి తొక్కాను, మావయ్యా. మోకాళ్లదాకా బురద! ఎంత హాయిగా ఉందో.

వస్తుంటే వదిన తమ చేలో పండిన బియ్యం మూటగట్టి ఇచ్చింది. నిన్న వండాను. రేషను బియ్యానికీ దానికీ పోలికే లేదు. మొదటి ముద్దకే మీ మనవరాలు, ఇదేం బియ్యమని అడిగింది.

క్వార్టర్లో పుట్టిన పిల్లకే తెలిసిపోయిందే... నలభై ఏళ్లు వరి పండించిన మీకు ఆ రోజు తెలియలేదా? తెలిసే ఇంకొంచెం పెట్టమన్నారా, మావయ్యా?

ఇంక ఆకు కాల్చను.

మీ కోడలు,
నరసమ్మ