గేదెకు దణ్ణం

నూజివీడు,
మే 14, బుధవారం.

చిరంజీవి సాయిరాంకి,

వదిన దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామనే రాయాలి కదా, రాశాను. మొన్నటి గాలికి తోటలో సగం కాయ రాలింది. మిగిలిన రసాల్లో మంచివి ఏరి ఈ పెట్టెలో సర్దాను, అడుగున ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫోన్ చేయక ఈ పాత పద్ధతేంటని నవ్వకు. ఫోన్లో మాట్లాడితే మీ అన్నయ్య వింటారు. చూపు లేకపోయినా, ఈ ఇంట్లో ఆయనకు వినపడని మాటంటూ లేదు.

నువ్వు డైరెక్ట్ చేసిన మొదటి సినిమా కదా, మొదటి రోజే వెళ్ళాం. ఎప్పటిలాగే తెర మీద జరిగేదంతా ఆయన చెవిలో చెబుతూ కూర్చున్నాను. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి విసుక్కున్నారు, మాకది అలవాటే. పెళ్ళిచూపుల సీను వచ్చింది. నీ గుడ్డి పాత్ర గుమ్మాన్ని వేళ్ళతో తట్టి, మెడ పక్కకి వంచి, కండువా సర్దుకుని, పెళ్ళికూతురి తండ్రి అనుకుని గేదెకు దణ్ణం పెట్టాడు. గుమ్మం తట్టడం, మెడ వంపు, కండువా, అన్నీ మీ అన్నయ్యవే. హాలంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారని ఆయన అడిగారు. ఆ సీనులో మాటల్లేవు, ఉత్త మ్యూజిక్కే. ఎవరో చిన్నపిల్లాడు పళ్ళెంలో బూరె లాక్కుని పారిపోతున్నాడని చెప్పాను. ఆయనా నవ్వారు.

అప్పట్నుంచి మన మామిడికాయల కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ మా తమ్ముడి సినిమా చూడండని చెబుతున్నారు. వాళ్ళు నా మొహం చూస్తారు. నేను తల దించుకుని కాయలు ఏరుకుంటాను.

ఇప్పుడు ఆదివారం మనూరి హాల్లో సభ, తర్వాత ఆట అంటున్నావు. చూపు లేనివాళ్ళకి తెర మీద జరిగేది ఇయర్‌ఫోన్లో చెప్పే ఏర్పాటు చేశావట, మొదటిది అన్నయ్య చెవిలో పెడతావట. మంచి పనే, కాదనను. పక్కన చెప్పే మనిషి లేనివాళ్ళు సినిమా ఎలా చూడాలి? కానీ ఆ గొంతు నాలా అబద్ధం చెప్పదు సాయీ. ఊరందరి మధ్యా కూర్చుని ఆయన గేదె సంగతి వింటారు. అంతమంది నవ్వింది తనని చూసేనని తెలుసుకుంటారు. చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని, నువ్వు దారి చెబుతుంటే తోటంతా తిరిగిన మనిషి.

శనివారంలోగా ఆ సీను తీసెయ్. తీయలేకపోతే ఆయన్ని పిలవకు. రెండూ కుదరవంటే మా గడప తొక్కకు.

కోపం చల్లారని నీ వదిన,
మాధురి

తా.క. కవరు అంటిస్తుంటే ఆయన వచ్చారు. ఇందాకట్నుంచి పెన్ను గీకుడు వినపడుతోంది, ఎవరికని అడిగారు. మొత్తం చదివి వినిపించాను, ఈసారి ఏదీ మార్చలేదు.

గేదె సంగతి ఆయనకు ఆ రోజే తెలుసట. వెనక సీట్లో ఎవరో, గేదెకు దణ్ణం పెడుతున్నాడు చూడు, అచ్చం మన మామిడికాయల షావుకారే అన్నారట. నేను బూరె కథ అల్లడానికి పడుతున్న తంటాలు విని, కాదనబుద్ధి కాక నవ్వారట. మరి అందర్నీ చూడమని ఎందుకు చెబుతున్నారంటే, తమ్ముడి మొదటి సినిమా కదా అన్నారు.

సీను తీయొద్దన్నారు. ఆదివారం వస్తారు. ఆ సీను రాగానే ఇయర్‌ఫోన్ తీసేస్తారట. అక్కడేం జరుగుతోందో, పక్కన కూర్చుని, నువ్వే ఆయన చెవిలో చెప్పాలట.