ఎడమచేతి వంటిల్లు

మార్చి 3, సాయంత్రం

బోర్డులు రాసే పెయింటర్ల సంఘం నా కోడలికి సంతాపసభ పెట్టింది. బతికుండగా దానికి ఒక కుర్చీ వెయ్యనివాళ్లు ఇవాళ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. స్టేజి మీద దాని ఫోటో, ఫ్లెక్సీ మీద. ఫ్లెక్సీలు వచ్చాకే దాని బ్రష్ ఎండిపోయింది. ఆ సంగతి ఒక్కరికీ తోచలేదు.

సెక్రటరీ దాన్ని శాంతమూర్తి అన్నాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. మంచినీళ్లు తాగుతున్నదాన్ని, పొలమారింది.

మార్చి 4

శాంతమూర్తి అంటే ఎవరని పిడుగు అడిగింది. పిడుగంటే నా మనవరాలు. మీ అమ్మే అన్నాను. కాదంది. అమ్మ గొంతు మర్చిపోతున్నాను, ఎలా ఉండేదో చెప్పు నానమ్మా అంది. బడిలో అంతమంది పిల్లలకు జవాబులు చెప్పాను. దీనికి చెప్పలేకపోయాను. నాకు గుర్తున్నవన్నీ తగాదాలే.

మార్చి 6

మా వాడు దాని బట్టలు, బ్రష్‌లు మూటకట్టి ఎవరికో ఇచ్చేశాడు. చూస్తే ఏడుపొస్తోందట. ఏడిస్తే ఏం పోయింది?

మార్చి 9

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నా కోడలిది ఎడమచేతివాటం. నిచ్చెనెక్కి దుకాణాల బోర్డులు రాసేది. తడి రంగు మీద చెయ్యి పడకుండా చివరి అక్షరంతో మొదలుపెట్టి వెనక్కి వచ్చేది. నోరు మాత్రం ముందుకే నడిచేది.

ఇల్లు బాగుచేయించినప్పుడు వంటిల్లంతా తన చేతికి తగ్గట్టు పెట్టించుకుంది. అల్మారా తలుపుల పిడులు ఎడమవైపు, మడతబందులు కుడివైపు. గరిటెల కొక్కేలూ ఎడమవైపే. తలుపు తీస్తే చాలు, నా మోచేతికి తగిలేది. ఇది వంటిల్లా, అద్దంలో వంటిల్లా అనేదాన్ని. మీ అబ్బాయికి లేని ఇబ్బంది మీకేంటత్తయ్యా అనేది, సాగదీస్తూ. ఆయన వంటింట్లోకి వస్తే కదా ఇబ్బంది! ఆ మాటా తనే అని పకపకా నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

మార్చి 17, మధ్యాహ్నం

పెన్షన్ పని చూసుకుని వచ్చేసరికి వంటింట్లో వడ్రంగి. అప్పటికే ఒక తలుపు ఊడదీసి, బందులు ఎడమవైపుకు మార్చేశాడు. మా వాడు పక్కన నిలబడి మురిసిపోతున్నాడు. నీకోసమేనమ్మా, ఎన్నేళ్లుగా సణుగుతున్నావు అన్నాడు.

నీకెవరు చెప్పారన్నాను.

మరి నువ్వేగా అన్నాడు.

నేను దానితో అన్నాను, నీతో కాదు అన్నాను.

ఎప్పటిలాగే బిగించమని వడ్రంగికి చెప్పాను. పాత చిల్లుల్లో మరలు పట్టవు, తలుపు వేలాడుతుంది అమ్మగారూ అన్నాడు. వేలాడనీ అన్నాను. ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తేల్చుకుని పిలవాల్సిందని గొణుక్కుంటూ బిగించాడు. మా వాడు చెప్పులేసుకుని బయటికి పోతూ, ఈ ప్రేమ అది ఉన్నప్పుడు ఏమైందో అన్నాడు.

ప్రేమట.

మార్చి 18

వాడు హోటల్లో తిని వచ్చాడు. నేను వాడి కంచం బోర్లించి పెట్టాను.

మార్చి 22, పొద్దున

తలుపు జారి మోచేతికి తగిలింది. నీ ఎడమచెయ్యి తగలెయ్య అని అరిచాను. హాల్లోంచి జవాబొచ్చింది. మీ అబ్బాయికి లేని ఇబ్బంది మీకేంటత్తయ్యా. అదే సాగదీత, అదే ఎకసెక్కం.

పిడుగు.

ఇంకోసారి తిట్టు నానమ్మా అంది.

తిట్టాను.