మా వైపు ఆడవాళ్ళు

మంగళవారం, మధ్యాహ్నం

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం ఉన్నాం. "క్షేమం" అని రాయబోయి కలం ఆపాను. ఎందుకు ఆపానో ఈ కాగితాల్లోనే ఉంది. ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదివే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది కదా, ఈ ఒక్కసారికి ఆ పని చేయకు. వరసగా చదువు.

నీ ఉత్తరం చేరి మూడు వారాలు దాటింది. జవాబు రాయలేదని ఈపాటికి నాలుగు తిట్లు తిట్టే ఉంటావు. ముందు నువ్వడిగినవి చెప్పేస్తాను. వంటగది పైకప్పు కారడం ఆగింది. ఆగిందంటే వానలు ఆగాయి, అంతే. నువ్వు పంపిన స్వెట్టరుకు చేతులు పొట్టి అయ్యాయి. మా పిచ్చుక పదిహేనేళ్ళకే నా భుజం దాటేసింది మరి. "పెద్దమ్మ నన్నింకా పసిపిల్లే అనుకుంటోంది" అని మూతి తిప్పుతూనే, రోజూ అదే తొడుక్కుని బడికి పోతోంది.

ఇక మీ మరిది సంగతి. "మా వీలునామాగారికి ఈ ఏటి పరీక్షలు అయ్యాయా?" అని అడిగావు. అయ్యాయి. ఆయన భయం నీకు తెలియనిది కాదు. మా మామగారు నలభై మూడో ఏట స్టీరింగు మీదే ఒరిగిపోయారు. మా బావగారికి నలభై ఐదుకు ఛాతీ కోసి ఆపరేషన్ చేశారు. అప్పటి నుంచీ ఈయన నోట "నేను పోయాక" అని మొదలవని మాట లేదు. నేను పోయాక కుళాయి వాషరు ఎక్కడ దొరుకుతుంది, నేను పోయాక పిచ్చుకకు సైకిలు గాలి కొట్టేదెవరు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టారు. మనిద్దరం నవ్వుకునేవాళ్ళం. నవ్వుతూనే నేను పదకొండేళ్ళుగా ఇంట్లో ఉప్పు తగ్గించాను, నూనె కొలిచి పోశాను, ఆయన్ని పొద్దున్నే చిన్నపిల్లాణ్ణి బడికి తోలినట్టు నడకకు తోలాను. నా కళ్ళన్నీ ఆయన గుండె మీదే ఉన్నాయి.

ఈసారి బస్సు డిపో వాళ్ళు డ్రైవర్లందరినీ గుండె ఆసుపత్రికి పంపారు. నేను బైండింగు షాపులో సెలవు పెట్టి ఆయనతో వెళ్ళాను. లిఫ్టు పనిచేయడం లేదు. మూడో అంతస్తు. ఆయన మెట్లు లెక్కపెట్టుకుంటూ ముందు ఎక్కుతున్నారు. రెండో మలుపు దగ్గర నేను కూర్చుండిపోయాను.

"ఏమైంది?" అన్నారు పై నుంచి.

"బూటు లేసు ఊడింది. మీరు పదండి" అన్నాను.

నా కాళ్ళకు ఉన్నవి చెప్పులు. ఆయన లెక్క తప్పుతుందని తిరిగి చూడలేదు. కిందికి దిగుతున్న నర్సు మాత్రం చూసింది. నా పక్కనే మెట్టు మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?" అంది. నాలుగు నెలల నుంచి, అక్కా. కుట్టిన పుస్తకాలు ప్రెస్సులో పెట్టి చక్రం బిగిస్తామే, అది సగం తిప్పేసరికి రెక్కల మధ్య ఎవరో తడిగుడ్డ పిండినట్టు ఉండేది. కాసేపు ఆగితే పోయేది. "చెయ్యి నెమ్మదించిందేమమ్మా" అని మేస్త్రీ అంటే, చక్రానికి నూనె వేయండి అన్నాను.

డాక్టరమ్మది మన ఈడే. ముందు ఆయన కాగితాలు చూసింది. "మీకేం లేదు. మీ నాన్నగారూ అన్నగారూ రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చారు, మీరు కాల్చలేదు. హాయిగా బస్సు నడుపుకోండి" అంది. ఆయన ముఖం చూడాల్సింది నువ్వు. రైలు కోసం ఏళ్ళ తరబడి ప్లాట్‌ఫారం మీద కూర్చున్న మనిషికి, ఆ రైలు రద్దయిందని చెప్పినట్టు అయిపోయారు. ఈలోగా నర్సు వచ్చి డాక్టరమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పింది.

"మీ వైపు ఎవరికైనా గుండెజబ్బు ఉందా?"

"మా వైపు ఎవరికీ లేదండీ. మా తాతయ్య, మేనమామలు ఎనభై దాటి బతికారు."

"మరి ఆడవాళ్ళు?"

"ఆడవాళ్ళు చిన్న వయసులోనే పోయారు. అంతే."

ఆవిడ కలం కింద పెట్టింది. "అంతేనా?" అంది.

ఒక్కొక్కరి గురించీ అడిగింది. అమ్మమ్మ నలభై తొమ్మిదికి, పనిచేసి చేసి అలసిపోయి. పెద్దమ్మ నలభై ఏడుకు, రాత్రి తిన్నది అరగక. అమ్మ నలభై నాలుగుకు, నిద్రలో. చెప్తూ చెప్తూ ఉంటే నా మాటలు నాకే వినపడసాగాయి. ముగ్గురి చావుకూ మూడు పేర్లు పెట్టి పంపించాం. ఒక్కరి దగ్గరకూ డాక్టరు రాలేదు. ఆవిడ కాగితం మీద మూడు సున్నాలు చుట్టి మూడింటి మీదా అడ్డంగా గీతలు కొట్టింది. కింద ఇంకో రెండు సున్నాలు చుట్టింది. అవి మనిద్దరం.

"మగవాడు పోతే గుండె ఆగిందంటారు, ఆడది పోతే అలసిపోయిందంటారు" అంది. ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. రోజూ అనే మాటలాగే అంది.

నీకు ఆదుర్దా పెట్టకుండా చెప్పేస్తాను. నా గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఒకటి ముప్పాతిక పైగా మూసుకుపోయింది. మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి, అక్కడ స్టెంటు పెట్టారు. రెండు రోజులు ఉంచి పంపించారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను, లేచి తిరుగుతున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను. మన రక్తంలో కొవ్వు పుట్టుకతోనే ఎక్కువట. మనం తిన్నదాంతో, మన లావుతో దానికి పని లేదు. తల్లికి ఉంటే బిడ్డకు రావడం బొమ్మా బొరుసా వేసినట్టేనట. పిచ్చుక రక్తం కూడా తీశారు. దానికీ ఉంది. ఇంత చిన్నప్పుడే దొరికింది కాబట్టి మందులతో అదుపులో పెట్టొచ్చని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. పిచ్చుక ఆ కాగితాన్ని పరీక్ష మార్కుల కాగితంలా అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఇది నీ పోలికేనా?" అంది.

మీ మరిది నోట ఆ రోజు నుంచి "నేను పోయాక" అన్న మాట రాలేదు.

ఇప్పుడు నీ సంగతి. పైకప్పు గురించి అడిగిన దానికీ స్వెట్టరు గురించి అడిగిన దానికీ మధ్యలో ఒక మాట రాశావు, గుర్తుందా? "ఈమధ్య దుప్పట్ల బుట్టలు బరువెక్కాయే. పడుకుంటే ఊపిరాడక రెండు దిండ్లు వేసుకుంటున్నా. ముసలిదాన్నవుతున్నా" అని. మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్ళీ తీసి చదివితే నవ్వు రాలేదు. నువ్వు పనిచేసే లాండ్రీకి రెండుసార్లు ఫోన్ చేశాను. రక్తపరీక్ష చేయించుకోమంటే ఏమన్నావు? "నాకేంటే, రెల్లుపుల్లలా ఉన్నాను. అమ్మ వయసు దాటి రెండేళ్ళయింది, నా గండం గడిచిపోయింది" అని, వెనకాల ఆవిరి యంత్రం మోత వినపడుతుంటే పెట్టేశావు. నా సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మూడోసారి చేస్తే నువ్వు లేవు. మీ సూపర్‌వైజరమ్మ ఎత్తింది. నేనెవరో చెప్పగానే గొంతు తగ్గించింది. "మీ అక్క పోయిన వారం రెండుసార్లు మెట్ల మీద కూర్చుండిపోయిందమ్మా. ముఖం బూడిదలా అయింది. చెమటలు. ఎవరితోనూ అనొద్దని నా చేత ఒట్టేయించుకుంది" అంది. ఒట్టు తప్పినందుకు ఆవిణ్ణి ఏమీ అనకు. ఒట్టు నిలబెట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఒకటి నిలబెట్టుకున్నాను.

అక్కా, అమ్మ నిద్రలో పోలేదు.

ఆ రోజు నువ్వు పరీక్ష రాయడానికి వెళ్ళావు. ఇంట్లో అమ్మా నేనూ ఉన్నాం. పది గంటలకు కుట్టుమిషను ఆగిపోయింది. వెళ్ళి చూస్తే అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చలికాలం, అయినా జాకెట్టు తడిసిపోయింది. "దవడ లాగుతోందే. పన్ను అనుకుంటా" అంది. చెయ్యి మాత్రం దవడ మీద లేదు, గుండెల మీద ఉంది. నీళ్ళిచ్చాను. రెండు గుక్కలు తాగి వాంతి చేసుకుంది.

"పక్కింటి మామయ్యను పిలవనా?" అన్నాను.

"వద్దు. వీధంతా గోల చేస్తారు. అక్కకు తెలిస్తే పరీక్ష వదిలేసి వచ్చేస్తుంది. ఎవరికీ చెప్పకు. ఒట్టు" అంది.

ఒట్టు వేశాను. ఇంకా ఉంది, అది కూడా చెప్పాలి. నాకు ఆ రోజు స్నేహితురాలి ఇంట్లో టీవీ చూడాలని ఉంది. అమ్మను మంచం మీదకు చేర్చి, "నేను వెళ్ళనా?" అని అడిగాను. అమ్మ కళ్ళు మూసుకునే తలూపింది. ఊపిందనే అనుకున్నాను. చెప్పులు వేసుకుని పరిగెత్తాను. మూడు గంటలకు తిరిగొచ్చాను. దుప్పటి సగం కింద ఉంది, అమ్మ పిడికిట్లో దాని అంచు ఉంది. వేళ్ళు విప్పి, దుప్పటి కప్పి, అప్పుడు అరిచాను. వచ్చినవాళ్ళంతా "నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు" అన్నారు. నేను కాదనలేదు. ఆసుపత్రి మన వీధి చివరే ఉంది.

నువ్వు వచ్చి, అమ్మ ఏ బాధా ఎరగకుండా పోయిందని నన్ను పట్టుకుని ఏడ్చావు. ఇన్నేళ్ళుగా అందరికీ అదే చెప్పుకుంటున్నావు. నేను పక్కనే కూర్చుని వింటూ వచ్చాను. నిజం చెప్పి ఉంటే ఎవరో ఒకరు గుండె అన్న మాట అనేవారు. ఆ మాట వినుంటే మనం ఎప్పుడో పరీక్షలు చేయించుకునేవాళ్ళం. నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే క్షమించేసి, పరీక్ష సంగతి పక్కన పెట్టేస్తావు.

నీకు చెప్పకుండా రెండు పనులు చేశాను. మీ సూపర్‌వైజరమ్మతో మాట్లాడి గురువారం నుంచి నీకు సెలవు పెట్టించాను. నన్ను నెలదాకా ప్రయాణం చేయొద్దన్నారు, అందుకని మీ మరిది రేపు సాయంత్రం బండి ఎక్కుతున్నారు. ఉత్తరం ముందు వస్తుందో ఆయన ముందు వస్తారో తెలియదు. ఉత్తరమే ముందు వస్తే ఆయన కోసం చూస్తూ కూర్చోకు. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను, అది తీసుకుని ఆసుపత్రికి వెళ్ళు. నీ కూతుర్ని వెంట తీసుకెళ్ళు, దాని రక్తం కూడా చూపించు. బుట్టలు ఎత్తకు. మెట్లు ఎక్కకు. దవడ గానీ, చెయ్యి గానీ, వీపు గానీ లాగితే నడిచి వెళ్ళొద్దు, అరిచి ఎవరినైనా పిలువు. వీధంతా గోల కానివ్వు.

అమ్మకు ఆ రోజు ఐదు గంటల సమయం దొరికింది. నీకు ఎంత ఉందో నాకు తెలియదు. ఈ కాగితం మడిచి పెట్టి, లే.

ఇట్లు,
నీ మాటకు మొదటిసారి ఎదురు చెబుతున్న
నీ చెల్లెలు