మోగని చోటు

చి.సౌ. కోడలికి అత్తయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు వేళకి తింటున్నావనీ, అంత దూరాన నీ పరిశోధన ల్యాబ్ చలిలో స్వెట్టర్ వేసుకుంటున్నావనీ నమ్ముతూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. వేసుకోవడం లేదని నాకు తెలుసు. అయినా నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. నీ నీలం కోటు చేతులు పొట్టి చేసి, లైనింగు మార్చి, బీరువాలో తగిలించాను. బాల్కనీలో నువ్వు పెట్టిన మొక్క బతికే ఉంది, నీ మొగుడు రోజూ దానికి క్షమాపణ చెప్పి మరీ నీళ్లు పోస్తున్నాడు. ఈమధ్య వాడు వంటింట్లోకి కూడా దిగాడు. నిన్న కూరలో ఉప్పు వేసింది మరిచిపోయి మళ్లీ వేశాడు. మీ మామయ్య ఒక ముద్ద తిని, "బాగుందిరా, సముద్రం ఒడ్డున కూర్చుని తింటున్నట్టుంది" అన్నారు. మెచ్చుకున్నారనుకుని వాడు ఇంకో గరిటె వడ్డించాడు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, ఉన్నట్టుండి ఈ ఉత్తరాల పిచ్చేమిటని కూడా అడిగావు. ఫోన్ పాడైందని చెప్పాను కదా. ఆ సంగతికి మళ్లీ వస్తాను, ముందు నీ సంగతి చూద్దాం.

"అత్తయ్యా, సీసాల మీద నంబర్లే తప్ప నాకు మనుషులు కనపడరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల ఛాతీలోంచి తీసి పారబోసే నీళ్లు అవి. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో వాటిలో వెతకాలి. ఒకసారి జాడ దొరుకుతుంది, చాలాసార్లు దొరకదు. ఎవరికోసం చేస్తున్నానో తెలియడం లేదు. వదిలేసి ఇంటికొచ్చేస్తాను" అని రాశావు. ఆ ముక్క చదివి మీ మామయ్య కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. నేను ఆ ఉత్తరం మడిచి, బీరువాలో నీ నీలం కోటు జేబులో పెట్టాను.

ఈ చదువంతా నాకు మొదట చెప్పింది నువ్వే. ఆ రోజు నేను మిషను మీద కోటుకు లైనింగు వేస్తున్నాను. నువ్వు పక్కన కూర్చుని, "ఊపిరితిత్తికి కూడా ఇలాంటి పొరే ఉంటుంది అత్తయ్యా, పైన ఇంకో పొర. ఆ రెండింటి మధ్య నీళ్లు చేరితే ఊపిరితిత్తి విచ్చుకోలేదు" అన్నావు. తర్వాత నా వీపు మీద వేలు ఆనించి, ఇంకో వేలితో కొట్టి చూపించావు. గాలి ఉన్నచోట మోగుతుంది, నీళ్లు ఉన్నచోట మోగదు. టైల్స్ మేస్త్రీ అయిన మీ మామయ్య ఊరుకుంటారా! "ఇదా మీ పరీక్ష? నేను రోజూ చేసే పనేగా. టైలు డొల్లగా మోగితే నా పని చెడ్డట్టు, వీపు మోగకపోతే మీ పని మొదలైనట్టు" అన్నారు. నవ్వలేక నీకు పొలమారింది. ఆ తర్వాత మనింట్లో ఆయన వేలికి దొరకని వీపు లేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. కూర్చుని చదువు.

కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసంగా ఉండేది. ఎడమవైపు తిరిగి పడుకోలేకపోయేదాన్ని. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను. ఒక సాయంత్రం మీ మామయ్య సరదాకే నా వీపు మీద కొట్టడం మొదలుపెట్టారు. పైనుంచి కిందికి వస్తూ కుడివైపు ఒకచోట ఆగిపోయారు. మళ్లీ కొట్టారు. "ఇక్కడిదాకా మోగుతోందే. కింద మోగట్లేదు" అన్నారు. తిరిగి చూస్తే ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. చొక్కా వేసుకుని, "పద ఆసుపత్రికి" అన్నారు, అంతే.

పైన అందరం క్షేమం అని రాశాను, అలవాటు కొద్దీ. అందులోంచి నన్ను తీసెయ్యి. ఆ మోగని చోట చేరిన నీళ్లలో క్యాన్సర్ కణాలు కనపడ్డాయి. జబ్బు ఊపిరితిత్తిదే.

ఫోన్ పాడవలేదమ్మడూ. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వచ్చేది. వేరేవాళ్లు వింటే పెద్దతనం అనుకుంటారు, నువ్వు వింటే ఇట్టే పట్టేస్తావు. ఉత్తరంలో ఎంత ఆయాసపడి రాసినా అక్షరానికి తెలియదు. నీ మొగుడిమీద మాత్రం కోపం తెచ్చుకోకు, చెప్పనని వాడిచేత ఒట్టు వేయించుకున్నాను. పాపం, అప్పటినుంచే వాడి కూరల్లో ఉప్పు ఎక్కువైంది.

సూది వేసి నీళ్లు తీశారు. హాయిగా ఊపిరి ఆడింది. మళ్లీ చేరితే మందుపొడి వేసి రెండు పొరలూ అతికిస్తామన్నారు. "లైనింగు అతికించడమేగా, జాగ్రత్త, ముడతలు రాకూడదు" అన్నాను. డాక్టరు నవ్వారు. తీసిన నీళ్లలో కొంత పరిశోధనకు పంపుతాం, మీకు సమ్మతమేనా అని అడిగారు. ఎక్కడికని అడిగితే మీ ల్యాబ్ పేరే చెప్పారు. డాక్టరు ముందు నవ్వుతూ సరేనని సంతకం పెట్టాను. బయటికొచ్చాక మీ మామయ్య భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. భయమేసింది. నువ్వు గుర్తొచ్చావు.

ఎవరికోసం చేస్తున్నానో తెలియడం లేదన్నావు కదా. ఇప్పుడు నీ ముందున్న సీసాల్లో ఏదో ఒకటి నాది. అది ఏదని మాత్రం వెతకకు. అన్నింటినీ ఒకేలా చూడు, నాది కానివి కూడా ఎవరో ఒక అత్తయ్యవే. నువ్వు రావద్దని నేను అనను. నాకు నిన్ను చూడాలని ఉంది, చాలా ఉంది. వచ్చి, నాలుగు రోజులు ఉండి, నీలం కోటు వేసుకుని వెళ్లు. వదిలేసి మాత్రం రాకు.

ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. "అమ్మడూ" అనగానే నువ్వు నా ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెడతావు, నాకు తెలుసు. పెట్టుకో. మధ్యలో ఏడవకు, లెక్క తప్పుతుంది.

ఇట్లు,
నీ చేతికి వీపు అప్పగించిన
అత్తయ్య