సొట్ట లేని కారు

ఆదివారం, 1987

మా బావ లారీ చెరుకు బండిని గుద్దినప్పుడు దాని మీదున్నాయన సచ్చిపోయిండు. అప్పటి సంది బావ స్టీరింగు ముట్టలే. రేపు మళ్ల లారీ ఎక్కాలె. జర మనసు తేలికైతదని బస్టాండు కాడ కొత్తగ పెట్టిన వీడియో గేము దుకాణానికి తోల్కపోయిన.

తెర మీద కార్ల రేసు. మలుపుల బావ ఇంకో కారును గుద్దిండు. మంట లేసింది. రెండు క్షణాలల్ల ఆయన కారు కొత్తదై మళ్ల రోడ్డు మీదికొచ్చింది, ఒక్క గీత లేదు. సొట్టలు తీసుడే నా పని, నాకు నవ్వొచ్చింది.

"నేను గుద్దిన బండి ఏమైంది?" అని అడిగిండు బావ.

"దాన్నెవరు చూస్తరన్నా, నువ్వు తోలు," అన్నడు దుకాణపాయన.

ఆట టైము ఇంక ఉన్నది గని బావ లేసిండు.

సీదా నా షెడ్డుకొచ్చిండు. కొత్త రంగు ఆరి ఆయన లారీ తయారుగ ఉన్నది. ముంగలి రేకు మీద చెయ్యి పెట్టి, "ఆ చెరుకు బండి ఎక్కడ తాకిందో చూపియ్యి బామ్మర్ది," అన్నడు.

ఆ రేకు కొట్టి సాపు చేసింది నేనే. చానసేపు తడిమి చూసిన.

దొరకలే.