మొలతాడుకున్న తాళంచెవి

సుబ్బరాయుడూ, అన్నను రాస్తున్నాను. కులాసా అడిగేందుకు లేదు. ఈ చైత్ర పున్నమికి నువ్వు పోయి మూడేండ్లు.

మదరాసు నుంచి విడిపోయాం. కర్నూలు ఇప్పుడు రాజధాని. సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్నాయి. గాలి లేస్తే కాగితాలు ఎగురుతాయి. నీ మీద పోలీసులు రాసిన కాగితం మాత్రం ఎగరలేదు... ‘కాపలాలో నిద్రపోయి ఔట్‌పోస్టు పోగొట్టిన కానిస్టేబులు’ అని అందులో ఉంది. కోడుమూరులో నీ భార్య నరసమ్మ బావికి పోతే వెనకనుంచి ఆ మాటే. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు పోయి నీళ్లు తెచ్చుకుంటోంది.

పోయిన వారం ఖాదర్ వచ్చాడు. నీతో పోస్టులో ఉండి, భుజంలో గుండు దిగినా బతికినవాడు. ఉద్యోగం మానేశాడు, అందుకే నోరు తెరిచాడు. పొద్దు వాలగానే తుపాకులన్నిటికీ ఒకే గొలుసు దూర్చి తాళం వేయడం మీ రివాజట. తాళంచెవి హెడ్డు కానిస్టేబులుగారి మొలతాడుకు. ఆ రోజు ఆయన ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి పోయాడు. చెవి ఇచ్చిపోవడం మరిచాడు.

తెల్లవారుజామున కమ్యూనిస్టు దళంవాళ్లు నల్లమల దిగి వచ్చినప్పుడు నువ్వు మేలుకునే ఉన్నావట. కేకవేసి అందరినీ లేపింది నువ్వేనట. కట్టెలు కొట్టే గొడ్డలితో ఆ గొలుసును నరుకుతుండగా...

వాళ్లనూ నేను క్షమించను. వాళ్లు చదివిన పుస్తకాలు వాళ్లకన్నా ముందే చదివాను. పేదల రాజ్యం తెస్తామన్నవాళ్లకు ఎదురుగా ఉన్న పేదవాడు కనపడలేదా? నువ్వేమో, "అన్నా, నీ బుక్కుల్లో ఏముండాదో నాకు తెలీదు. ఆ కొండలోవాళ్లూ మన మాదిరి సంగటి తినేవాళ్లేనప్పా. ఎదురుపడితే మొదట మాట్లాడతా" అనేవాడివి. మాట్లాడనిచ్చారా?

ఆ హెడ్డు ఇప్పుడు సబ్ఇన్‌స్పెక్టరు. తన తప్పు నీ నిద్ర కింద దాచి పైకెక్కాడు.

దాచడానికి చేయందించింది ఎవరో తెలుసా? నేనే. పంచనామా ఇంగ్లీషులో రాశారు. ఊరివాళ్లలో అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నిద్ర అన్న మాట చూశాను. సంతకం పెడితేనే శవాన్ని ఇస్తామన్నారు. ఎండ ముదురుతోంది, నిన్ను గోనెపట్టా మీద పడుకోబెట్టారు... పెట్టాను. ఏం రాశారని నరసమ్మ అడిగితే, చావు కాగితమన్నాను. ఇంత చదువూ దానికే పనికొచ్చింది.

నిన్న ఆమెకు అంతా చెప్పాను. చాలాసేపు నా మొహం చూడలేదు. పొద్దున లేచేసరికి నా పంచె ఉతికి దండెం మీద ఆరేసి ఉంది, కర్నూలుకు కట్టుకుపోవడానికి.

రేపు ఖాదర్‌తో బస్సెక్కుతున్నాను. పెద్ద అధికారి ముందు నా సంతకం అబద్ధమని చెబుతాను. అబద్ధపు సాక్ష్యానికి నన్ను జైల్లో వేస్తే వేయనీ. వేయాలన్నా, ముందు నువ్వు మేలుకుని ఉన్నావని వాళ్ల చేత్తోనే రాయాలి గదా!

రాయించే వస్తాను.

నీ అన్న